షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? లొకేషన్ ఫిక్స్ చేసే ముందు ఈ లెక్కలు చూసుకోండి.. లేదంటే షూటింగ్ రోజే ప్యాకప్!

కథ రెడీ. కెమెరా అద్దెకు తెచ్చారు. హీరోగా చేయడానికి రూమ్‌మేట్ ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ఎనిమిది మంది, నాలుగు బైకుల మీద బయల్దేరారు. గుట్ట మీద ట్రైపాడ్ పెట్టారో లేదో సెక్యూరిటీ గార్డు వచ్చాడు. "పర్మిషన్ ఉందా?" అన్నాడు. లేదు. సరే అని చెరువు దగ్గరికి వెళ్తే పక్కనే ఫంక్షన్ హాల్.. పెళ్లి డీజే. ఇంకో చోటు వెతుక్కునేసరికి మధ్యాహ్నం 12 దాటింది. నెత్తి మీద ఎండ, ముఖాల నిండా నీడలు. సాయంత్రానికి చేతిలో మిగిలింది రెండు షాట్లు, పెట్రోల్ ఖర్చు, బిర్యానీ బిల్లు.

స్టూడెంట్ ఫిల్మ్ తీసిన చాలామందికి తెలిసిన కథే ఇది. పెద్ద సినిమాకు ఒక రోజు పోతే మరో రోజు షెడ్యూల్ పెట్టుకుంటారు. స్టూడెంట్లకు ఆ అవకాశం ఉండదు. కెమెరా అద్దె ఒక్క రోజుకే. ఫ్రెండ్స్ అందరికీ సెలవు కుదిరేది ఆ ఒక్క ఆదివారమే. అందుకే తక్కువ బడ్జెట్ సినిమాకు రెక్కీ, అంటే ముందుగా వెళ్లి లొకేషన్ చూసి రావడం, ఇంకా ముఖ్యం.

రెక్కీలో చాలామంది చేసే తప్పు ఒకటే. అందమైన చోటు కోసం వెతుకుతారు. నిజానికి కావాల్సింది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ వెళ్లగొట్టకుండా, ఇబ్బంది లేకుండా పని జరిగే చోటు. అలాంటి చోటును ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ముందు స్క్రిప్ట్.. తర్వాతే బైక్

ఒక ఉదాహరణ తీసుకుందాం. పది నిమిషాల సినిమా. కూతురి కాలేజీ ఫీజు కోసం తండ్రి తన బైక్ అమ్మేస్తాడు. ఊరు వదిలి వెళ్లే రోజు కూతురికి ఆ విషయం తెలుస్తుంది. స్క్రిప్ట్‌లో ఐదు చోట్లు ఉన్నాయి. ఇల్లు, వీధి, చెరువు గట్టు, గుట్ట, రైల్వే స్టేషన్.

ఇప్పుడు ఒక్కో సీన్ దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి. "ఈ సీన్‌కి నిజంగా ఈ చోటే కావాలా?" రైల్వే స్టేషన్ ఎందుకు? కూతురు వెళ్లిపోతోందని చెప్పడానికి. ఆ పని ఊరి బస్టాప్ కూడా చేస్తుంది. గుట్ట ఎందుకు? తండ్రి ఒంటరిగా కూర్చోవడానికి. అది చెరువు గట్టు మీదే జరగొచ్చు. ఐదు కాస్తా నాలుగు అయ్యాయి. పైగా ఆ నాలుగూ ఒకే ఊర్లో దొరికేవే.

స్టేషన్ తీసేయడం వల్ల కథకు నష్టం లేదు. టీమ్‌కు మాత్రం ఒక పెద్ద తలనొప్పి తగ్గింది. ప్లాట్‌ఫామ్ మీదైనా, పట్టాల దగ్గరైనా షూటింగ్‌కు రైల్వే అనుమతి తప్పనిసరి. పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్తే 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రాణాపాయం సంగతి సరేసరి.

ఒకే ఊరు.. నాలుగు లొకేషన్లు

షూటింగ్‌లో ఎక్కువ టైమ్ తినేది షాట్ తీయడం కాదు. చోటు మారడం. సామాన్లు సర్దాలి, బండ్లు ఎక్కాలి, మళ్లీ దించాలి, మళ్లీ సెట్ చేసుకోవాలి. ఊరు మారితే గంట నుంచి రెండు గంటలు పోయినట్టే. రోజుకు మూడు సార్లు మారితే సగం పగలు రోడ్డు మీదే అయిపోతుంది.

అందుకే ముందు కథలో ముఖ్యమైన లొకేషన్ ఏదో తేల్చుకోండి. మన ఉదాహరణలో అది తండ్రి ఇల్లు. ఆ ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో మిగతావి దొరుకుతాయా చూడండి. ఇల్లు, దాని ముందు వీధి, చివర బస్టాప్, ఆ పక్కన చెరువు గట్టు.. అన్నీ అర కిలోమీటరు లోపు ఉంటే బంగారం దొరికినట్టే.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాను విశాఖపట్నంలోని కంచరపాలెంలో తీశారు. నటించిన వాళ్లలో ఎక్కువ మంది అక్కడి వాళ్లే. ఆ వీధులు, ఆ ఇళ్లు, ఆ మనుషులే సినిమాకు బలం అయ్యాయి. ఒక పేటను బాగా తెలుసుకుంటే అది సెట్ కంటే ఎక్కువ ఇస్తుందని చెప్పే సినిమా అది.

మీకు బాగా తెలిసిన పేట ఏది? మీ అమ్మమ్మ ఊరు కావచ్చు. మీ హాస్టల్ వెనక బస్తీ కావచ్చు. వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టండి. తెలిసిన ముఖం ఒక్కటి ఉంటే చాలు, సగం పర్మిషన్ వచ్చినట్టే.

షూటింగ్ ఏ టైమ్‌కో రెక్కీ ఆ టైమ్‌కే

శనివారం సాయంత్రం ఐదింటికి చూసిన వీధి ఎంతో బాగుంది. షూటింగ్ మాత్రం సోమవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టుకున్నారు. వెళ్లి చూస్తే స్కూల్ బస్సులు, కూరగాయల బండ్లు, ఆటోలు. పైగా ఎండ ఎదురుగా కొడుతోంది. ఆ వీధే.. కానీ ఆ వీధి కాదు.

అందుకే రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఏ గంటకు షూట్ చేస్తారో ఆ గంటకే వెళ్లండి. వీలైతే వారంలో అదే రోజు వెళ్లండి. ఊర్లలో సంత రోజు ఒకలా ఉంటుంది, మామూలు రోజు ఇంకోలా ఉంటుంది.

వెలుతురు లెక్క కూడా వేసుకోవాలి. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు ఉంటుంది. డిసెంబర్‌లో 11 గంటలకు కాస్త పైన మాత్రమే. డిసెంబర్ చివర్లో సూర్యుడు ఉదయం 6:40 ప్రాంతంలో వస్తాడు, సాయంత్రం 5:50 లోపే వెళ్లిపోతాడు. విశాఖలో అయితే హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది. పక్కన గుట్ట ఉంటే సూర్యాస్తమయం టైమ్ కంటే ముందే ఎండ పోతుంది. ఇది ఫోన్‌లో వెదర్ యాప్ చూస్తే తెలియదు. అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

మే నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదే ఉంటాడు. హైదరాబాద్‌లో 'నీడ మాయం' అంటూ మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వచ్చే వార్తలు గుర్తున్నాయా? కారణం అదే. ఆ టైమ్‌లో తీస్తే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. యాక్టర్ ఎంత బాగా చేసినా కళ్లు కనిపించవు. అందుకే ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత బయటి సీన్లు పెట్టుకోండి. మధ్యాహ్నం చెట్టు నీడలోనో, అరుగు మీదో, పందిరి కిందో తీసే సీన్లు పెట్టుకోండి.

ఒక చిన్న చిట్కా. ఫోన్‌లో కంపాస్ తెరిచి ఇంటి ముఖం ఎటు ఉందో రాసుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు నుంచే తిరుగుతాడు. ఉత్తరం ముఖం ఉన్న అరుగు మీద నేరుగా ఎండ పడదు, రోజంతా దాదాపు ఒకే రకం వెలుతురు ఉంటుంది. పొద్దున మొదలుపెట్టిన డైలాగ్ సీన్‌ను మధ్యాహ్నం దాకా తీసినా తేడా పెద్దగా తెలియదు. వెలుతురు చాలకపోతే తెల్లటి థర్మాకోల్ షీట్ ఒకటి పట్టుకుంటే చాలు.

కళ్లు మూసుకుని రెండు నిమిషాలు

కన్ను మోసపోతుంది. చెవి మోసపోదు. లొకేషన్ నచ్చగానే అక్కడే నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. ఏం వినిపిస్తోంది? దూరంగా హైవే మీద లారీ హారన్లు. పొలంలో బోరు మోటారు. రైస్ మిల్లు. గుడి మైకు. పక్కింట్లో టీవీ సీరియల్. చూస్తున్నప్పుడు ఇవేవీ చెవికెక్కవు. ఎడిటింగ్‌లో మాత్రం డైలాగ్ మీద కూర్చుంటాయి.

తర్వాత ఫోన్‌లో ఒక నిమిషం ఆడియో రికార్డ్ చేయండి. మీ యాక్టర్ నిలబడే చోట ఒక ఫ్రెండ్‌ను నిలబెట్టి మామూలు గొంతుతో రెండు డైలాగులు చెప్పించండి. రూమ్‌కి వెళ్లాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాట స్పష్టంగా ఉంటే సరే. లేదంటే ఆ చోట డైలాగ్ లేని సీన్ పెట్టుకోండి, మాటల సీన్ లోపలికి మార్చండి. తర్వాత డబ్బింగ్ చెప్పుకుందాంలే అనుకుంటే ఆ పని ఇంకో వారం తింటుంది.

గాలి సంగతి మర్చిపోవద్దు. బీచ్, గుట్ట, చెరువు గట్టు.. మూడు చోట్లా మైక్‌లోకి గాలి కొడుతుంది.

పర్మిషన్.. ఎక్కడ ఎవరిని అడగాలి?

"మేం స్టూడెంట్స్, చిన్న కెమెరా" అంటే అన్ని చోట్లా చెల్లదు. చోటు ఎవరిదో ముందు తెలుసుకోవాలి.

సొంత ఇళ్లు, పొలాలు, తోటలు: యజమాని ఒప్పుకుంటే చాలు. కానీ మాట మీద వదిలేయకుండా ఒక కాగితం రాయించుకోండి. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎక్కడెక్కడ తీస్తారు, ఎంతమంది వస్తారు.. కింద సంతకం. షూటింగ్ రోజు ఆయన ఊర్లో లేకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది.

ఊరి వీధి, చెరువు గట్టు, బస్టాప్: గ్రామ పంచాయతీకి చెప్పండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో కాలేజీ లెటర్‌తో సమాచారం ఇవ్వండి. ఫైట్, కిడ్నాప్, బొమ్మ తుపాకీ లాంటి సీన్లు ఉంటే ఇది తప్పనిసరి అనుకోండి. దూరం నుంచి చూసేవాళ్లకు అది సినిమా అని తెలియదు.

సిటీ రోడ్లు, పార్కులు: ట్రాఫిక్‌కు అడ్డం వస్తే పోలీసుల అనుమతి కావాలి. పార్కు ఏ శాఖ కింద ఉందో ఆ శాఖను అడగాలి. మెట్రో స్టేషన్లు, మాల్స్ అయితే వాటి యాజమాన్యాన్ని అడగాలి.

కోటలు, పాత కట్టడాలు: చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, లేపాక్షి.. ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోనివి. ఫోన్‌లో ఫొటో దిగడం వేరు, ట్రైపాడ్ పెట్టి సినిమా తీయడం వేరు. సినిమా షూటింగ్‌కు ముందుగా అప్లై చేయాలి, ఫీజు ఉంటుంది. స్టూడెంట్ బడ్జెట్‌కు ఇది బరువే. కోట గోడే కావాలనుకుంటే పాత రాతి గోడలున్న ఊళ్లు, పాత గడీలు చూడండి.

గుళ్లు: దేవాదాయ శాఖ ఆలయమైతే ఈవోను అడగాలి. చాలా గుళ్లలో లోపల కెమెరాకే అనుమతి లేదు.

అడవులు: అభయారణ్యాలు, నేషనల్ పార్కుల్లో షూటింగ్‌కు అటవీ శాఖ అనుమతి కావాలి. నల్లమల, కవ్వాల్ మాత్రమే కాదు.. హైదరాబాద్ మధ్యలో ఉన్న కేబీఆర్ పార్కు కూడా నేషనల్ పార్కే.

డ్రోన్: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దేశంలో గగనతలాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విభజించారు. ఎయిర్‌పోర్టులు, రక్షణ సంస్థల చుట్టూ ఉన్న జోన్లలో ఇష్టం వచ్చినట్టు ఎగరేయడం కుదరదు. హైదరాబాద్, విశాఖలో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. జోన్ మ్యాప్ చూడకుండా అద్దె డ్రోన్ బుక్ చేయొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే తెలంగాణ, ఏపీ ప్రభుత్వాల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లను అడగొచ్చు. కేంద్రం తరఫున ఇండియా సినీ హబ్ పోర్టల్ ఉంది. ఎక్కడ అడిగినా ముందు చూపించాల్సింది కాలేజీ లెటర్. అది ప్రిన్సిపాల్ లేదా హెచ్‌ఓడీ సంతకంతో ఉంటే మీ మాటకు బరువు వస్తుంది.

నీళ్ల దగ్గర.. ఒకటికి పదిసార్లు

స్టూడెంట్ ఫిల్మ్స్‌లో నీళ్లు లేని సినిమా తక్కువ. చెరువు, వాగు, జలపాతం, నీళ్లు నిండిన క్వారీ గుంత. ఫ్రేమ్‌లో బాగుంటాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది.

2014 జూన్‌ను తెలుగు రాష్ట్రాలు మర్చిపోలేవు. హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి ఫొటోల కోసం దిగారు. అప్పుడు అక్కడ నీళ్లు తక్కువే. ఎగువన డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదలడంతో 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు షూటింగ్‌కు వెళ్లలేదు. కానీ కెమెరా కోసం నీళ్లలోకి దిగే ప్రతి ఒక్కరికీ అది పాఠమే.

రెక్కీలో ఇవి అడిగి తెలుసుకోండి. ఎగువన డ్యామ్ గానీ, గేట్లు గానీ ఉన్నాయా? లోతు ఎంత? ఇక్కడ ఎవరైనా మునిగిపోయారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు అక్కడి బోర్డు మీద ఉండదు. పశువులు కాసే వాళ్లో, చేపలు పట్టే వాళ్లో చెప్తారు. క్వారీ గుంతలకు అంచు నిటారుగా ఉంటుంది, ఒక్క అడుగు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. అలాంటి చోటును లిస్టులోంచి కొట్టేయండి. నీళ్లలోకి దిగకుండా గట్టు మీద నుంచే సీన్ పండేలా రాసుకోండి.

వర్షాకాలంలో పిడుగుల సంగతి కూడా చూసుకోవాలి. గుట్ట మీద, ఒంటరి చెట్టు కింద యూనిట్‌ను పెట్టొద్దు. దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుంది, ఫోన్ సిగ్నల్ ఉందా, 108 అంబులెన్స్ వచ్చే దారి ఉందా.. ఇవి కూడా లొకేషన్ వివరాలే.

బాత్రూమ్, భోజనం, చివరి బస్సు

ఈ మూడూ ఎవరూ రెక్కీలో రాసుకోరు. షూటింగ్ ఆగేది మాత్రం వీటి దగ్గరే.

టీమ్‌లో అమ్మాయిలు ఉంటారు. పది గంటలు షూట్ చేసే చోట బాత్రూమ్ లేకపోతే వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, నీరసం. కాబట్టి ముందే ఒక ఇంట్లోనో, స్కూల్లోనో, పెట్రోల్ బంకులోనో మాట్లాడి పెట్టుకోండి. బట్టలు మార్చుకోవడానికి ఒక గది ఉండాలి. సాయంత్రం సీన్ అయ్యాక అందరూ ఎలా ఇళ్లకు వెళ్తారో ముందే తెలియాలి. చివరి బస్సు ఏడింటికైతే ఆరున్నరకు ప్యాకప్ చెప్పాల్సిందే.

ఎండలో ఫోన్లు వేడెక్కి ఆగిపోతాయి, బ్యాటరీలు అయిపోతాయి. చార్జింగ్‌కు ప్లగ్ పాయింట్ ఎక్కడుందో, కరెంటు ఏ టైమ్‌లో పోతుందో ఊరి వాళ్లను అడగండి.

మన ఉదాహరణలో బస్సు సీన్ ఉంది కదా.. ఆ ఊరికి ఆర్టీసీ బస్సు రోజుకు రెండు సార్లే వస్తుందనుకోండి. అర నిమిషం ఆగి వెళ్లిపోతుంది. అంటే రోజుకు రెండే టేకులు. రెక్కీ రోజు ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో, తలుపు ఎటు వస్తుందో చూసి, ఫోన్‌లో తీసుకుంటేనే షూటింగ్ రోజు షాట్ దక్కుతుంది.

నేడు ఉన్నది రేపు ఉండకపోవచ్చు

సత్యజిత్ రాయ్ 1952 అక్టోబర్‌లో 'పథేర్ పాంచాలి' షూటింగ్ మొదలుపెట్టారు. అక్కాతమ్ముళ్లు రెల్లు పూల మధ్య రైలు చూడటానికి వెళ్లే సీన్ అది. ఒక రోజు సగం తీశారు. మరో వారం వెళ్లేసరికి పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూలు పూసే కాలం కోసం ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ సినిమా 1955లో విడుదలై ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. ఆయన ఏడాది ఆగగలిగారు. సెమిస్టర్ ప్రాజెక్ట్ ఆగదు.

మన గోదావరి ఒడ్డునే చూడండి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో 'సినిమా చెట్టు'గా పేరుపడిన పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఎన్నో తెలుగు సినిమాల్లో కనిపించింది. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. ఎన్నో ఏళ్లు నిలిచిన లొకేషన్ ఒక్క రోజులో పోయింది.

అంత పెద్ద విషయాలు అక్కర్లేదు. మీరు చూసిన పచ్చటి వరి మడి రెండు వారాల్లో కోతకు రావచ్చు. ఖాళీగా ఉన్న వీధిలో వినాయక మండపం వేయొచ్చు. తెల్లటి గోడ మీద రాత్రికి రాత్రే నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టొచ్చు. అందుకే షూటింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి వెళ్లండి. కుదరకపోతే ఆ ఊర్లో తెలిసిన వాళ్లతో వీడియో కాల్ మాట్లాడి చూడండి. పక్కనే ఇంకో చోటును ప్లాన్-బీగా పెట్టుకోండి. ఒక సీన్‌ను ఒకే రోజు మొదలుపెట్టి అదే రోజు ముగించండి.

రెక్కీ రోజు ఫోన్‌లో ఇవి ఉండాలి

నాలుగు దిక్కులా ఫొటోలు. యాక్టర్ నిలబడే చోట ఒక మనిషిని పెట్టి తీసిన ఫొటో. ఒక నిమిషం ఆడియో. మ్యాప్‌లో పిన్. ఎండ ఎటు నుంచి వస్తోందో, ఆ టైమ్ ఎంతో. పార్కింగ్, బాత్రూమ్, ప్లగ్ పాయింట్. అనుమతి ఇవ్వాల్సిన మనిషి ఫోన్ నంబర్. ఇవన్నీ టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. డైరెక్టర్ ఒక్కడి ఫోన్‌లో ఉంటే ఉపయోగం లేదు.

డైరెక్టర్, కెమెరా చూసేవాళ్లు, ప్రొడక్షన్ చూసేవాళ్లు.. ముగ్గురూ కలిసి వెళ్లడం మంచిది. ఒకరు ఫ్రేమ్ చూస్తారు, ఒకరు ఎండ చూస్తారు, మూడో వాళ్లు బాత్రూమ్ ఎక్కడుందో చూస్తారు. ముగ్గురూ సరే అంటేనే లొకేషన్ ఓకే.

చివరగా.. అడిగే పద్ధతి

లొకేషన్ అంటే గోడలు, చెట్లే కాదు. అక్కడ మనుషులు ఉంటారు. కెమెరా బ్యాగులతో దిగి "ఇక్కడ షూటింగ్ చేస్తాం" అంటే ఎవరికైనా కోపం వస్తుంది. అదే చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్న పెద్దావిడ దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, మేం కాలేజీ పిల్లలం. నాన్న, బిడ్డ కథ తీస్తున్నాం. ఆదివారం పొద్దున రెండు గంటలు మీ అరుగు ఇస్తారా?" అని అడిగి చూడండి. కథ చెప్పండి. చాలాసార్లు అరుగుతో పాటు చాయ్ కూడా దొరుకుతుంది.

రెండు గంటలన్నారంటే రెండు గంటలే. జరిపిన మంచం మళ్లీ అక్కడే పెట్టండి. వాటర్ బాటిళ్లు, బిస్కెట్ కవర్లు ఏరేయండి. సినిమా పూర్తయ్యాక లింక్ పంపించండి.. కుదిరితే వెళ్లి మీ ఫోన్‌లోనే చూపించండి. ఆ ఇంటి వాళ్లు సినిమాలో తమ అరుగు చూసుకుని నవ్వితే, వచ్చే ఏడాది మీ జూనియర్లు వెళ్లినప్పుడు కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది.